చలిదేశంలో కారు: నడిపితేనే వేడెక్కుతుంది

(మినియాపోలిస్‌కు కొత్తగా వచ్చిన తెలుగు విద్యార్థులు, కుటుంబాల కోసం శీతాకాలం మొదలయ్యే ముందు జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పిల్లల దగ్గరికి ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా ముందు వరుసలో కూర్చున్నారు, చాలా సంతోషం.

ఇంజిన్ల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి, నవంబరు వస్తే చాలు, నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "అన్నా, పొద్దున్నే కారు ఎంతసేపు స్టార్ట్ చేసి పెట్టాలి?" రూమ్మేట్ పది నిమిషాలన్నాడు, ఆఫీసులో ఎవరో ఇరవై అన్నారు, వీడియోలో ఇంకొకాయన అసలు అక్కర్లేదన్నాడు, ఏది నమ్మాలి అని అడుగుతారు. జవాబు ముందే చెప్పేస్తాను, ఎందుకో తర్వాత మాట్లాడుకుందాం. మీది పెట్రోలు కారై, గత ముప్పై ఏళ్లలో తయారైంది అయితే, ఇంజిన్ కోసం అర నిమిషం చాలు. చలి మరీ ఎక్కువైతే ఒకటి రెండు నిమిషాలు. ఆ తర్వాత బయల్దేరండి, కాకపోతే మొదటి ఐదు పది నిమిషాలు నెమ్మదిగా నడపండి. అర నిమిషం అనేది నా సొంత లెక్క కాదు, అమెరికా ఇంధన శాఖ వాళ్లు కూడా ఇదే చెబుతున్నారు.

మరి ఈ పది నిమిషాల మాట ఎక్కడి నుంచి వచ్చింది? అది అబద్ధంగా పుట్టిన మాట కాదండీ, ఒకప్పుడు నిజమే. ఇక్కడున్న నాన్నగార్లలో అంబాసిడరో, పాత మారుతినో నడిపినవాళ్లు ఉంటారు, వాళ్లకి చోక్ లాగడం గుర్తుండే ఉంటుంది. ఆ కార్లలో కార్బ్యురేటర్ ఉండేది. గాలి లోపలికి పోతూ పోతూ సన్నని రంధ్రంలోంచి పెట్రోలును లాక్కెళ్లేది, అంతే, దాని వెనక ఆలోచించే యంత్రం ఏదీ లేదు. చలిలో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. ఆవిరి కాని పెట్రోలు మండదు, చుక్కలు చుక్కలుగా గొట్టాల గోడలకే అంటుకుపోతుంది. అందుకే చోక్ లాగితే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరిగి, ఎలాగోలా బండి స్టార్టయ్యేది. వేడెక్కకముందే గేరు వేస్తే దగ్గి దగ్గి ఆగిపోయేది, కూడలి మధ్యలో ఆగితే వెనక హారన్లు. కాబట్టి అప్పుడు నిలబెట్టి వేడి చేయడం తప్పనిసరి.

ఇక్కడ అమెరికాలో 1980ల్లోనే కార్లు ఒక్కొక్కటిగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి, 1990 తర్వాత కొత్త కార్లలో కార్బ్యురేటర్ దాదాపు లేదు. మన దగ్గర 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు గట్టిపడ్డాక మారుతి 800కి కూడా ఇంజెక్షన్ వచ్చింది. ఇప్పుడు మీ కారులో ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. కూలెంట్, అంటే ఇంజిన్ చుట్టూ తిరిగి దాన్ని చల్లబరిచే ద్రవం, ఎంత చల్లగా ఉంది, లోపలికి వచ్చే గాలి ఎంత చల్లగా ఉంది అని సెన్సర్లు చెబుతుంటే, ఎంత పెట్రోలు చిమ్మాలో క్షణక్షణం లెక్కేసుకుంటుంది. మీరు చేయాల్సిన చోక్ పని అదే చేస్తుంది. స్టార్ట్ చేయగానే ఆర్‌పీఎమ్ ముల్లు, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే ముల్లు, పైకి లేచి, కాసేపటికి తనంతట తనే దిగడం చూసే ఉంటారు, అదే ఆ పని. కారు మారిపోయింది, కానీ మాట మాత్రం నాన్న నుంచి కొడుక్కి, సీనియర్ నుంచి జూనియర్‌కి అలాగే అందుతూ వచ్చింది.

"అక్కర్లేకపోతే అక్కర్లేదు, చేస్తే నష్టమేంటి, కొంచెం పెట్రోలే కదా" అంటారు కొందరు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి, ఎందుకంటే నష్టం పెట్రోలు ఒక్కటే కాదు. చల్లటి ఇంజిన్‌కి కంప్యూటర్ కావాలనే ఎక్కువ పెట్రోలు ఇస్తుందని చెప్పాను కదా. అందులో కొంత మండకుండా సిలిండర్ గోడల మీద పడుతుంది. ఆ గోడల మీద పల్చటి ఆయిల్ పొర ఉంటుంది, పిస్టన్ రింగులు అరిగిపోకుండా కాపాడేది ఆ పొరే. పెట్రోలు దాన్ని కడిగేస్తుంది. కడిగింది అక్కడితో ఆగదు, రింగుల పక్క నుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పల్చబడుతుంది. దానికి తోడు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి చల్లటి ఇనుము మీద నీరై, అదీ ఆయిల్‌లోకే చేరుతుంది. బండి బాగా వేడెక్కి అరగంట నడిచిందంటే ఈ నీళ్లూ పెట్రోలూ మళ్లీ ఆవిరై వెళ్లిపోతాయి. నిలబెట్టి ఉంచితే ఇంజిన్ మీద బరువు ఉండదు, బరువు లేకపోతే మండేది తక్కువ, వేడి పుట్టేదీ తక్కువ. అంటే ఏ దశని ఎంత త్వరగా దాటితే ఇంజిన్‌కి అంత మంచిదో, ఆ దశలోనే మీరు దాన్ని పట్టి ఉంచుతున్నారన్నమాట. శీతాకాలమంతా పది నిమిషాలు ఐడ్లింగ్, అంటే కదలకుండా ఇంజిన్ ఆన్‌లో ఉంచడం, తర్వాత ఐదు నిమిషాల్లో కాలేజీ, సాయంత్రం మళ్లీ అంతే, ఇలా నడిచే కారు ఆయిల్ మూత తీసి చూడండి. అడుగున మీగడ రంగులో జిగురులాంటిది కనిపిస్తే అది నీళ్లు కలిసిన ఆయిలే. అది చూసి వెంటనే టెన్షన్ పడకండి, వారానికి ఒకసారైనా హైవే మీద అరగంట నడపండి. తగ్గకపోతే, కూలెంట్ కూడా తరిగిపోతుంటే మాత్రం మెకానిక్‌కి చూపించాలి.

ఇంకొకటి. కారంటే ఇంజిన్ ఒక్కటే కాదు కదా. గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఉంది, చక్రాల బేరింగుల్లో గ్రీజు ఉంది, షాక్ అబ్జార్బర్లలో ఆయిల్ ఉంది, టైరు రబ్బరు గట్టిపడి ఉంటుంది. మీరు ఇంట్లో టీ తాగుతూ బయట కారుని ఎంతసేపు తిప్పి ఉంచినా వీటిలో చాలా వాటికి వేడి అందదు. చక్రం తిరిగితేనే అవి వేడెక్కుతాయి. మొదటి మైలులో కారు బిగుసుకుపోయినట్టు, గతుకుల్లో టకటకమని కొట్టుకున్నట్టు అనిపించేది అందుకే.

నెమ్మదిగా అంటే ఎలాగో కూడా చెప్పాలి. ఆర్‌పీఎమ్ 2500 దాటకుండా చూసుకోండి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కకండి. చాలా కార్లలో నీలం రంగు థర్మామీటర్ బొమ్మ లైటు వెలుగుతుంది, అది ఆరేదాకా ఇలాగే. ఇల్లు దాటగానే హైవే ఎక్కాల్సిన వాళ్లు ఉంటారు, వాళ్లు మాత్రం ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగినా, ఊళ్లోంచి చుట్టు తిరిగి వెళ్లినా మంచిదే, చల్లటి ఇంజిన్‌తో ర్యాంప్ మీద డెబ్భై మైళ్ల వేగానికి తొక్కడం కంటే అది నయం. టర్బో ఉన్న కార్లకి ఇది మరీ ముఖ్యం. ఇక నిలబెట్టి రేజ్ చేయడం, మన దగ్గర లారీ డ్రైవర్లు పొద్దున్నే గుర్రుగుర్రుమనిపించేవాళ్లు చూడండి, అది మాత్రం అస్సలు వద్దు. ఆయిల్ ఇంకా చిక్కగా ఉన్నప్పుడు ఇనుముని ఇనుముతో రాయించడమే అది.

ఆయిల్ మాట వచ్చింది కాబట్టి. చలికాలం పొద్దున నెయ్యి డబ్బా ఎలా ఉంటుందో అమ్మలందరికీ తెలుసు, చల్లటి ఇంజిన్ అడుగున ఆయిల్ కూడా అలాగే కదలనంటుంది. ఎంత చలిలో కదులుతుందో డబ్బా మీదే రాసి ఉంటుంది. 5డబ్ల్యూ-30 అని ఉంటే, ఆ డబ్ల్యూ అంటే వింటర్. 5డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 35 సెల్సియస్ దాకా పంపు లాగగలగాలి, 0డబ్ల్యూ అయితే మైనస్ 40 దాకా. మన దేశంలో బైకుల్లో పోసే 20డబ్ల్యూ-40 ఉంది చూడండి, అది మైనస్ 20 దాకానే. ఇది మీకెందుకు చెబుతున్నానంటే, మీలో చాలామంది మొదటి కారు టెక్సాస్ నుంచో జార్జియా నుంచో వచ్చినవాళ్ల దగ్గర కొంటారు. అక్కడి వేడికి సరిపోయే చిక్కటి ఆయిల్ పోసి ఉండొచ్చు. కూలెంట్‌లో మామూలు నీళ్లు కలిపి ఉండొచ్చు. ఊళ్లో రేడియేటర్‌లో బిందెతో నీళ్లు పోసిన అలవాటు మనకి, ఇక్కడ అది ప్రాణాంతకం ఇంజిన్‌కి. నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే ఇంజిన్ బ్లాకే పగులుతుంది, దానికి రిపేరు దాదాపు లేనట్టే, ఇంజినే మార్చాల్సి వస్తుంది. సగం నీళ్లు, సగం యాంటీఫ్రీజ్ ఉంటే మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు. దక్షిణాది నుంచి వచ్చిన కారు కొన్నవాళ్లు ఆయిల్, కూలెంట్, అద్దాలు కడిగే నీలం నీళ్లు, ఈ మూడూ డిసెంబరు రాకముందే మార్పించేయండి.

మినియాపోలిస్ చలి అంటే ఏంటో కొత్తవాళ్లకి ఒక లెక్క. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 33 సెల్సియస్. టీవీలో విండ్ చిల్ అని ఇంకా పెద్ద అంకె చెబుతారు, మైనస్ 50 ఫారెన్‌హీట్ అంటారు. అది మన చర్మం కోసం చెప్పే అంకె. గాలికి ఇంజిన్ త్వరగా చల్లబడుతుంది కానీ, ఉన్న ఉష్ణోగ్రత కంటే కిందికి మాత్రం పోదు. కాబట్టి కారు విషయంలో అసలు అంకెనే చూడండి.

అలాంటి చలిలో అర నిమిషం సూత్రం సరిపోతుందా అంటే, అక్కడ అసలు సమస్య స్టార్ట్ అవడమే. బ్యాటరీ రసాయన చర్యతో పనిచేస్తుంది, చలిలో ఆ చర్య మందగిస్తుంది. సున్నా ఫారెన్‌హీట్ దగ్గర మామూలు బ్యాటరీ తన బలంలో సగానికి పైగా కోల్పోతుంది. అదే సమయంలో చిక్కబడ్డ ఆయిల్‌తో ఇంజిన్‌ని తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. బ్యాటరీ మీద సీసీఏ అని ఒక అంకె ఉంటుంది, సున్నా ఫారెన్‌హీట్‌లో ముప్పై సెకన్ల పాటు అది ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే అంకె. మాన్యువల్‌లో చెప్పినదానికంటే తక్కువది డబ్బులు మిగులుతాయని కొనకండి. ఇంకో మాట, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ ఇక్కడి చలిలో లోపల గడ్డకడుతుంది. పక్కలు ఉబ్బి కనిపిస్తే ఇంకో కారు బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చే జంపర్ కేబుల్స్ పెట్టొద్దు, పేలే ప్రమాదం ఉంది.

ఇంత చలిలో ఇంజిన్‌కి నిజంగా మేలు చేసేది బ్లాక్ హీటర్. ఇక్కడికి నాలుగైదు గంటల దారిలో, నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో, ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన దీనికి 1949లో పేటెంట్ తీసుకున్నాడు. చలి బాధ పడినవాడే చలికి మందు కనిపెట్టాడు, నాకు ఆ సంగతి చాలా ఇష్టం. ఇది ఇంజిన్‌కి బిగించే చిన్న విద్యుత్ హీటర్, కూలెంట్‌ని వేడి చేస్తుంది. కారు ముందు నుంచి ఒక ప్లగ్గు వేలాడుతుంటే చూసి ఆశ్చర్యపోయారేమో, అది ఎలక్ట్రిక్ కారు కాదు, ఇదే. విన్నిపెగ్‌లో, ఎడ్మంటన్‌లో ఉండే మన వాళ్లని అడగండి, అక్కడ పార్కింగుల్లోనే స్తంభాలకి ప్లగ్గులుంటాయి. రాత్రంతా పెట్టక్కర్లేదు, కరెంటు దండగ. బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు ఆన్ అయ్యేలా టైమర్ పెట్టుకోండి. తీగ మాత్రం ఆరుబయట వాడే మందపాటిదే కావాలి, ఇంట్లో ల్యాంపుకి వాడే సన్న తీగ వేడెక్కి అంటుకుంటుంది. బ్లాక్ హీటర్ పెట్టిన కారు స్టార్ట్ చేస్తే ఆయిల్ త్వరగా పైకి చేరుతుంది, లోపల హీటరూ త్వరగా వేడి గాలి ఇస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది ఇవాళ నేను ఇక్కడికి వచ్చిన అసలు కారణం. ఇంజిన్ పాడైతే ఇంకో ఇంజిన్ దొరుకుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలా కాదు. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగ గొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ ఈ విషాన్ని మారుస్తుంది నిజమే, కానీ అది పనిచేయడం మొదలుపెట్టాలంటే దాదాపు 250, 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. ఎక్కువ పెట్రోలు తాగుతూ, కన్వర్టర్ చల్లగా ఉన్న ఆ మొదటి నిమిషాల్లోనే విషం అన్నిటికంటే ఎక్కువగా వస్తుంది. సరిగ్గా ఆ నిమిషాలే మనం కారుని గ్యారేజీలో వేడి చేద్దాం అనుకునేవి. దయచేసి వద్దు. తలుపు తెరిచి ఉంచినా వద్దు. ఇంటిని ఆనుకున్న గ్యారేజీ అయితే ఆ గాలి గోడల సందుల్లోంచి, పైన పిల్లలు పడుకునే గదిలోకి వెళ్తుంది. స్టార్ట్ చేయగానే బయటికి తీసేయండి, ఇంటి గుమ్మానికి దూరంగా పెట్టండి. రిమోట్ స్టార్ట్ ఉన్నవాళ్లు, మంచం మీద నుంచి బటన్ నొక్కేముందు కారు గ్యారేజీలో ఉందా బయట ఉందా అని గుర్తు తెచ్చుకోండి. బటన్‌తో ఆఫ్ చేసే కార్లు ఆఫ్ అయ్యాయో లేదో చూసుకునే లోపలికి వెళ్లండి, ఆ ఒక్క పొరపాటుతో ఈ దేశంలో ప్రాణాలు పోయాయి.

2016 జనవరిలో తూర్పు తీరంలో పెద్ద మంచు తుఫాను వచ్చింది. న్యూజెర్సీలోని పస్సాయిక్‌లో ఒక తండ్రి బయట కారు చుట్టూ మంచు తవ్వుతున్నాడు. భార్యాపిల్లలు వెచ్చగా ఉంటారని ఇంజిన్ ఆన్ చేసి కారులో కూర్చోబెట్టాడు. పొగ గొట్టం మంచులో కూరుకుపోయి ఉంది. తల్లి, ఏడాది కొడుకు ప్రాణాలు పోయాయి. ఆయన వాళ్లని ప్రేమతోనే కూర్చోబెట్టాడండీ. మంచు పడ్డ పొద్దున ముందు పార తీసుకుని వెనక్కి వెళ్లి, పొగ గొట్టం చుట్టూ తవ్వి, అప్పుడే తాళం తిప్పండి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ ఉందో లేదో, బ్యాటరీలు ఉన్నాయో లేదో ఇవాళే చూడండి. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, మగతగా ఉండటం, ఇవన్నీ జలుబు జ్వరంలా అనిపిస్తాయి. ఇంట్లో ఇద్దరికి ఒకేసారి అలా ఉంటే ముందు బయటికి పరిగెత్తండి, ఆ తర్వాత 911కి ఫోన్ చేయండి.

మరి అద్దాల సంగతి? అవును, కారుని నిలబెట్టి ఉంచడానికి అన్నిటికంటే న్యాయమైన కారణం అదే అని నేను నమ్ముతాను. ముందు అద్దంలో చిన్న కంత చేసుకుని అందులోంచి చూస్తూ నడిపేవాళ్లని చూశాను, అది ఎదుటివాళ్ల ప్రాణంతో చెలగాటం. స్టార్ట్ చేసి, అద్దం మీదికి వేడి గాలి వదిలే డీఫ్రాస్ట్ పెట్టి, ఆ రెండు మూడు నిమిషాలు మీరు బయట స్క్రేపర్‌తో అన్ని అద్దాలూ, లైట్లూ, కప్పు మీది మంచూ తీసేయండి. మీ పని, కారు పని ఒకేసారి అయిపోతాయి. ఏసీ కూడా ఆన్ చేయండి, అది గాలిలో తేమ లాగేస్తుంది, లోపలి ఆవిరి త్వరగా పోతుంది. వేడి నీళ్లు పోయొద్దు, అద్దం పగులుతుంది. కారు ఆన్‌లో ఉండగా తాళం అందులోనే వదిలి ఇంట్లోకి వెళ్లొద్దు, ఇలా వదిలిన కార్లు ఎత్తుకుపోవడం ఇక్కడ ప్రతి చలికాలం జరిగేదే.

ప్రశ్నలు అడుగుతున్నారు, త్వరగా చెప్పేస్తాను.

డీజిల్ బండి గురించి అడిగారు. డీజిల్‌లో ఉండే మైనం చలికి గడ్డకట్టి ఫిల్టరుని మూసేస్తుంది, అందుకే ఇక్కడ చలికాలానికి వేరే డీజిల్ అమ్ముతారు. మన దేశంలో కూడా 2019 నవంబరులో లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ వాళ్లు మైనస్ 33 దాకా పారే డీజిల్ తెచ్చారు. డీజిల్ ఇంజిన్ నిలబెడితే పెట్రోలు ఇంజిన్ కంటే కూడా ఆలస్యంగా వేడెక్కుతుంది, కాబట్టి బ్లాక్ హీటర్ దీనికే ఎక్కువ అవసరం.

ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లు, ఛార్జర్‌కి పెట్టి ఉండగానే ఫోన్‌లో బయల్దేరే సమయం సెట్ చేయండి. బ్యాటరీనీ, లోపలి గాలినీ ఇంటి కరెంటుతోనే వేడి చేసుకుంటుంది, దారిలో మైళ్లు అంతగా తగ్గవు. గ్యారేజీలో చేసినా పొగ భయం లేదు.

ఆదిలాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన, మా ఊళ్లో కూడా జనవరిలో ఐదు డిగ్రీలకి పోతుంది, అక్కడ వేడి చేయాలా అని అడుగుతున్నారు. లేదండీ, ఆదిలాబాద్‌కైనా లంబసింగికైనా అర నిమిషం ధారాళంగా చాలు. సీటు బెల్టు పెట్టుకుని, అద్దాలు సర్దుకునేలోపు అది అయిపోతుంది.

చివరగా అక్కడ వెనక చెల్లెలు అడిగింది, అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, ప్లగ్గు లేదు, గ్యారేజీ లేదు, మేమేం చేయాలి అని. మీలో ఎక్కువమంది పరిస్థితి ఇదే. ముందు బ్యాటరీ వయసు చూడండి, నాలుగేళ్లు దాటితే అనుమానించండి, ఆటో పార్ట్స్ దుకాణాల్లో చాలా చోట్ల డబ్బులు తీసుకోకుండానే పరీక్ష చేస్తారు. దిగిపోయిన బ్యాటరీకి కరెంటు ఇచ్చి బండిని స్టార్ట్ చేసే చిన్న జంప్ స్టార్టర్ ఒకటి కొని ఇంట్లో ఉంచండి, కారులో కాదు, అదీ చలికి నీరసపడుతుంది. పెట్రోలు ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. టైర్లలో గాలి చూడండి, ఉష్ణోగ్రత పది ఫారెన్‌హీట్ డిగ్రీలు పడితే గాలి ఒత్తిడి ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. మైనస్ 20 ఫారెన్‌హీట్ అని వార్తల్లో చెప్పిన రోజు ముందు రాత్రి ఒకసారి కారుని అరగంట నడిపి తీసుకొస్తే బ్యాటరీ ఛార్జితో ఉంటుంది. పొద్దున స్టార్టర్ తిప్పేటప్పుడు పది సెకన్లకి మించి పట్టుకోకండి, ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి. ఈ శనివారమే బ్యాటరీ పరీక్ష చేయించుకోండి, మొదటి పెద్ద చలి వచ్చాక ఆ దుకాణాల్లో నిలబడటానికి కూడా చోటుండదు.